ఛాన్సలర్ పోయిందా, పోయాడా?

సందేహం: మా అబ్బాయి ఈమధ్య పెద్ద బోర్డు మీద చెస్ ఆడుతున్నాడు, కాపబ్లాంకా చెస్ అట. ఆటలో "అయ్యో, నా ఛాన్సలర్ పోయింది" అన్నాడు. పక్కనే ఉన్న మా మావయ్యగారు "మనిషి కదరా, పోయాడు అనాలి" అని దిద్దారు. ఏది సరి? మంత్రికి, బంటుకి కూడా ఇదే పద్ధతా? (ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం)

సమాధానం: మీ అబ్బాయి అన్నదే సరైన వాడుకమ్మా. ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. 1921 నుంచి 1927 దాకా ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న క్యూబా ఆటగాడు కాపబ్లాంకా, పెద్ద ఆటగాళ్ల మధ్య ఆటలన్నీ డ్రా అయిపోతాయేమోనన్న బెంగతో, అడ్డంగా పది, నిలువుగా ఎనిమిది గళ్ల బోర్డు ప్రతిపాదించాడు. రెండు కొత్త పావులు చేర్చాడు. ఛాన్సలర్ ఏనుగులా నేరుగానూ పోతుంది, గుర్రంలా దూకుతుంది కూడా. ఆర్చ్‌బిషప్‌ది శకటు నడక, గుర్రం దూకుడు.

చూశారా, ఇక్కడ నాకు "పోతుంది", "దూకుతుంది" అనే వచ్చాయి. మగవాళ్లని చెప్పే మాటలు మహత్తులు, వాటికి క్రియ చివర డు వస్తుందని బాలవ్యాకరణం దగ్గర్నుంచీ చదువుకుంటున్నదే, మీ మావయ్యగారి మనసులో ఉన్నదీ అదే. కానీ క్రియ చూసేది పేరుని కాదు, ఆ పేరుతో మనం చూపిస్తున్న వస్తువుని. బోర్డు మీది మంత్రి పేరుకే మనిషి, చేతికి తగిలేది చెక్కముక్క. పైగా "ఛాన్సలర్ పోయాడు" అంటే, అందులోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో, వినేవాళ్లకి ముందు తట్టేది చావు కబురు.

ఏకవచనంలో ఒక చిక్కుంది. మంత్రిని రాణి అనేవాళ్లు "రాణి పోయింది" అంటే, ఆడమనిషి అనుకుని అన్నారో, వస్తువు అనుకుని అన్నారో తెలీదు, రెండిటికీ క్రియ ఒకటే. బహువచనంలోకి వెళ్తే గుట్టు బయటపడుతుంది. బంటు చివరి గడికి చేరి మంత్రి అయిందనుకోండి, ఆడేవాడు "నాకు రెండు మంత్రులున్నాయి" అంటాడు గానీ "ఇద్దరు మంత్రులున్నారు" అనడు, అలా అంటే రాజకీయం మాట్లాడుతున్నాడనుకుంటాం. రాణులైనా అంతే, రెండు రాణులే. ఈ పెద్ద బోర్డు మీద ఒక్కొక్కరికి పది బంట్లు, పదిమంది బంట్లు కాదు. ఇవేవీ ఎవరూ నేర్పకుండానే పిల్లలకి వచ్చేస్తాయి, అందుకే వాళ్ల నోటి మాటని దిద్దేముందు కాస్త ఆగి వినాలంటాను.

రాజు సంగతి వేరు. "రాజు మూలకి ఇరుక్కుపోయాడు" అని చాలామంది అంటారు, అదీ తప్పు కాదు, ఆడేవాడు తననే రాజుగా చూసుకుంటాడు మరి. అలాగే ఆటని యుద్ధంలా కథ చెబుతూ "మంత్రి దూసుకొచ్చాడు" అనొచ్చు. ఒకే వాక్యంలో మాత్రం "మంత్రి దూసుకొచ్చాడు, గుర్రానికి చిక్కిపోయింది" అని కలపకండి, ఏదో ఒకటే పట్టుకోండి.

వస్తువే కదా అని ద్వితీయా విభక్తి (ని, ను) అన్నిచోట్లా వదిలేయకండి. "గుర్రం ఇచ్చి శకటు తీసుకున్నాడు" అంటే అది లేకపోయినా చక్కగా అర్థమవుతుంది. "ఛాన్సలర్ తీసేశాడు" అంటే మాత్రం తీసింది ఎవరో, పోయింది ఏదో తెలీదు. "ఛాన్సలర్‌ని తీసేశాడు" అనాల్సిందే.