అమెరికాలో బీరు తయారీ కార్మికుల సంఘం ఎలా పుట్టింది, చివరికి ఏమైంది?

ఈ సంఘం 1886లో బాల్టిమోర్‌లో ఏర్పడి, మరుసటి ఏడాది కార్మిక సంఘాల జాతీయ సమాఖ్య అయిన అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్‌లో చేరింది. సభ్యుల్లో అత్యధికులు జర్మనీ నుంచి వలస వచ్చినవారు కావడంతో సంఘ పత్రిక సైతం జర్మన్ భాషలోనే వెలువడేది. ఆనాడు రోజుకు 14 గంటలకు పైగా, ఆదివారాలు కూడా పనిచేస్తూ, చాలాచోట్ల యజమాని చూపిన బసలోనే తలదాచుకోవలసి వచ్చిన ఆ కార్మికుల దుస్థితిని తలచుకుంటే, సంఘం ఎంత అవసరమైందో తెలుస్తుంది.

నా దృష్టిలో దీని అసలు విశిష్టత వేరు. బీరు కాచేవారితో ఆగకుండా, పీపాలు చేరవేసే బండ్లవారిని, బాయిలర్ల వద్ద పనిచేసేవారిని, ఇంజనీర్లను కూడా ఒకే సంఘంలో చేర్చుకోవాలని అది పట్టుబట్టింది. వృత్తికొక సంఘం ఉండాలన్న ఫెడరేషన్‌కు ఇది మింగుడుపడక 1907లో గుర్తింపును రద్దు చేసింది. మరుసటి ఏడాదే తిరిగి ఇవ్వక తప్పలేదు.

1920 నుంచి 1933 వరకు సాగిన మద్యనిషేధం సభ్యుల ఉపాధినే దెబ్బతీసింది. నిషేధం తొలగాక బండ్లవారు ఎవరి సభ్యులన్న విషయమై బండ్లు, లారీలు నడిపేవారి సంఘమైన టీమ్‌స్టర్స్‌తో పాత తగవు మళ్లీ రాజుకుంది. ఆ కారణంగానే 1941లో ఫెడరేషన్ నుంచి బహిష్కరణకు గురై, 1946లో దాని పోటీ సమాఖ్య అయిన పారిశ్రామిక సంఘాల కాంగ్రెస్‌లో చేరిన ఈ సంఘం, 1973లో అదే టీమ్‌స్టర్స్‌లో విలీనమైంది.