మోకాలికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్: మా అమ్మకు చేయించాక నాకు తెలిసింది

పాలకొల్లు దగ్గర నుంచి మీరు అడిగింది ఇది: నాన్నగారికి 61 ఏళ్లు, మోకాలి గుజ్జు గ్రేడ్ 3 (నాలుగు దశల్లో మూడోది) వరకు అరిగింది, స్టెమ్ సెల్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణం) ఇంజెక్షన్ చేస్తే గుజ్జు మళ్లీ పెరుగుతుంది, ఆపరేషన్ అక్కర్లేదు అని ఒకచోట చెప్పారు, చేయించమంటారా అని. నేను డాక్టర్ని కాదండి. రాజోలు వైపు ఒక ఊళ్లో టీచర్ని. ఐదేళ్ల కింద ఇదే ప్రశ్న పట్టుకుని మా అమ్మతో తిరిగాను. అప్పుడు నాకు ఎవరూ చెప్పనివి మీకు చెప్పాలని రాస్తున్నాను.

మా అమ్మ ముప్పై ఏళ్లు నాట్లకూ కోతలకూ వెళ్లింది. బురదలో వంగి పని చేయడం, ఇంటికొచ్చాక పీట మీద కూర్చుని వంట. యాభై ఐదు దాటేసరికి రెండు కాళ్లూ బయటికి వంగి దొడ్డికాళ్లలా అయ్యాయి. అరుగు దిగాలన్నా గోడ పట్టుకునేది. ఊళ్లో ఆర్‌ఎంపీ చేసే ఇంజెక్షన్లతో రెండేళ్లు నెట్టుకొచ్చాం. తర్వాత పట్నంలో ఒక క్లినిక్‌కి వెళితే, పొట్ట దగ్గర కొవ్వు తీసి, అదే రోజు మెషిన్‌లో తిప్పి, రెండు మోకాళ్లలోకీ ఎక్కించారు. లక్షా నలభై వేలు అయ్యింది. కొబ్బరి తోట కౌలు డబ్బులు అవి.

నాలుగు నెలలు నిజంగా బాగుంది. ఎవరి చేయీ పట్టుకోకుండా గుడికి నడిచి వెళ్లొచ్చింది, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఐదో నెల నొప్పి మళ్లీ మొదలైంది. ఎక్స్‌రే తీయిస్తే ఎముకల మధ్య సందు పాత ఎక్స్‌రేలో ఎంత ఉందో అంతే ఉంది. "గుజ్జు పెరగడానికి టైం పడుతుంది, ఇంకో డోసు వేద్దాం" అన్నారు. అప్పుడు ఆగి, తెలిసిన ఆర్థోపెడిక్ డాక్టర్లను అడిగాను, దొరికినంత చదివాను.

మనం గుజ్జు అంటున్నది మృదులాస్థి. అందులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు, కణాలు కూడా చాలా తక్కువ. చర్మం తెగితే మానినట్టు అది మానదు. మరి ఎక్కించిన స్టెమ్ సెల్స్ గుజ్జుగా మారతాయా? నేనూ అలాగే అనుకున్నాను. కానీ వాటిలో ఎక్కువ భాగం కొన్ని రోజుల్లో, వారాల్లో చనిపోతాయి. బతికున్న కాలంలో అవి వదిలే పదార్థాలు కీలు లోపలి వాపును తగ్గిస్తాయి, అందుకే నొప్పి తగ్గుతుంది. ఈ కణాలకు 1991లో 'మెసెంకైమల్ స్టెమ్ సెల్స్' అని పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లాన్ అనే శాస్త్రవేత్తే, ఇందులో 'స్టెమ్ సెల్' అనే మాట జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది, పేరు మార్చాలి అని 2017లో రాశారు. ఆ ఒక్క సంగతి నాకు ముందే తెలిసుంటే క్లినిక్‌లో అడగాల్సిన ప్రశ్నలు వేరేగా ఉండేవి.

గుజ్జు కణాలను ల్యాబ్‌లో పెంచి అతికించే పద్ధతి ఉందండి, 1994లో స్వీడన్ డాక్టర్లు ఆ ఫలితాలు ప్రచురించారు. కానీ అది ఆటలోనో యాక్సిడెంట్‌లోనో దెబ్బ తగిలి, ఒకచోట మాత్రమే గుంత పడ్డ చిన్న వయసు వాళ్ల మోకాలికి. కీలంతా అరిగిన మన పెద్దవాళ్లకు కాదు. ఈ రెండింటినీ కలిపేసి చెప్పేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త.

అలాగని అంతా మోసం అనను. 'స్టెమ్ సెల్' అన్న ఒకే పేరుతో నాలుగైదు రకాలు నడుస్తున్నాయి. ఎముక మజ్జ తీసి చిక్కబరిచి అప్పుడే ఎక్కించేది ఒకటి, మా అమ్మకు చేసినట్టు కొవ్వు నుంచి తీసేది ఒకటి, బొడ్డుతాడు కణాలు ఒకటి. కొన్నిచోట్ల పీఆర్‌పీని కూడా స్టెమ్ సెల్ అనే చెప్తున్నారు. అది మన రక్తంలోని ప్లేట్‌లెట్లు మాత్రమే. 2021లో 288 మంది మీద చేసిన ఒక పెద్ద పరీక్షలో పీఆర్‌పీకీ ఉప్పునీటి ఇంజెక్షన్‌కీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మన దేశంలో మోకాలి అరుగుదలకు 2022లో డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ (మందులకు అనుమతి ఇచ్చే కేంద్ర అధికారి) అనుమతి పొందినది స్టెంప్యూసెల్ అనే మందు, బెంగళూరు కంపెనీది. ఆరోగ్యవంతులైన దాతల ఎముక మజ్జ కణాలను ల్యాబ్‌లో పెంచి తయారుచేస్తారు. డోసు రెండున్నర కోట్ల కణాలు, దాంతోపాటు కీలును జారుగా ఉంచే హైలురోనిక్ యాసిడ్ ఇస్తారు. గ్రేడ్ 2, 3 వాళ్లకే. 146 మంది మీద చేసిన పరీక్షలో, కణాలు తీసుకున్నవాళ్లకు ఏడాది తర్వాత నొప్పి, నడక మిగతావాళ్ల కంటే మెరుగ్గా ఉన్నాయి. ఎమ్మారైలో గుజ్జు నాణ్యత ఇంకా చెడిపోకుండా నిలిచింది. నిలిచింది అన్నమాట గమనించండి, కొత్తగా పెరగడం వేరు. ఇంకోవైపు 2023లో అమెరికాలో 475 మంది ఫలితాలు వచ్చాయి. మజ్జ, కొవ్వు, బొడ్డుతాడు, మూడింటినీ మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చారు. ఏడాది తర్వాత నొప్పి విషయంలో ఏదీ స్టెరాయిడ్ కంటే మెరుగని తేలలేదు.

మరి ఈ వైద్యం ఇంకా బాగుపడాలంటే ఏం చేయాలి? మా ఊరు సముద్రానికి దగ్గర, చౌడు చేలు ఎక్కువ. చౌడు తగ్గించకుండా ఎంత మంచి నారు తెచ్చి నాటినా ఎర్రబడిపోతుంది. మోకాలి విషయంలోనూ పరిశోధకులు అక్కడికే వస్తున్నారు, కణాలు నిలిచే పరిస్థితి ముందు ఉండాలని. కణాలు ఒంటరిగా కొట్టుకుపోకుండా జెల్‌లో పెట్టి ఇవ్వడం, తక్కువ ఆక్సిజన్‌లో పెంచి గట్టిపరచడం, కణాలు లేకుండా అవి వదిలే ఎక్సోజోమ్‌లనే (అతి చిన్న సంచుల్లాంటివి) వాడటం, వీటి మీద పని జరుగుతోంది. 2020లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఎముకకు చిన్న రంధ్రాలు పెట్టి, అక్కడున్న సొంత స్టెమ్ సెల్స్‌ని రెండు రసాయన సంకేతాలతో నడిపించి, ఎలుకల్లో గుజ్జు పెరిగేలా చేశారు. నాకు అన్నిటికంటే ఆశ కలిగించింది అదే. మన మనుషుల దాకా రావాలి.

ఇవేవీ లేకపోయినా ఈ రోజే చేయగలిగేది ఒకటుంది, బరువు ఎటు పడుతోందో చూడటం. కాలు వంగి ఉంటే లోపలి వైపే రాపిడి పడుతుంది, అక్కడ ఏ కణం ఎక్కించినా నలిగిపోతుంది. మా అమ్మకు తీసిన మొదటి ఎక్స్‌రేలన్నీ పడుకోబెట్టి తీసినవి. నిలబెట్టి తీస్తే ఒక మోకాలు గ్రేడ్ 4 అని తేలింది. అంటే ఆ కాలికి అసలు ఆ ఇంజెక్షన్ చేయాల్సిందే కాదు. ఇది గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చివరికి ఆ కాలికి మోకాలి మార్పిడి చేయించాం. రెండో కాలికి ఫిజియోథెరపీ. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి నొక్కి పది అంకెలు లెక్కపెట్టడం, కుర్చీలో కూర్చుని కాలు చాపడం, రోజూ రెండు పూటలా. పీట తీసేసి స్టవ్ గట్టు మీదికి మార్చాం, బాత్రూమ్‌లో వెస్ట్రన్ కమోడ్ పెట్టించాం. ఆరు కిలోలు తగ్గింది. కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట, అమ్మ మొహంలో ఆ తేడా నేను చూశాను.

మీ నాన్నగారిది నిజంగా గ్రేడ్ 3 అయితే దారులు మూసుకుపోలేదు. ముందు రెండు కాళ్లూ నిలబెట్టి ఎక్స్‌రే తీయించండి. వంకర ఎక్కువగా ఉంటే ఎముకను సరిచేసే ఆపరేషన్ గురించి అడగండి, ఆయన వయసులో కూడా కొందరికి చేస్తారు. మూడు నెలలు కండరాల వ్యాయామం మానకుండా చేయించండి. అప్పటికీ స్టెమ్ సెల్స్ అనే అనిపిస్తే, కణాలు ఎక్కడివి, ఎన్ని, ఏ ల్యాబ్‌లో పెంచారు, అనుమతి ఉన్న మందేనా అని అడగండి. ఇది అతిగా అడగడం కాదు. కొరియాలో 2017లో అనుమతి పొందిన ఒక మోకాలి కణ చికిత్సలో, గుజ్జు కణాలని చెప్పిన వాటిలో ఒక రకం నిజానికి కిడ్నీ కణాలని బయటపడి, 2019లో అనుమతి రద్దు చేశారు. ప్రయోగం కింద ఇస్తున్నామంటే సీటీఆర్‌ఐ (మన దేశంలో వైద్య ప్రయోగాలను నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. మన దేశపు 2017 మార్గదర్శకాల ప్రకారం ప్రయోగంలో ఉన్న స్టెమ్ సెల్ చికిత్సకు పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ఆ సిరంజిలో ఏముందో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమనండి. ఇవ్వకపోతే నాన్నగారిని తీసుకుని ఇంటికి వచ్చేయండి.