గెడ్డలో రాళ్ళకి అంటుకున్న ఇసుక గుల్లలు: నత్తలా, శిలాజాలా?

అనంతగిరి దగ్గర గెడ్డలో రాయి తిప్పితే ఇసుకతో చేసినట్టున్న బుల్లి నత్తలు కనిపించాయి, ఇవి నత్తలా శిలాజాలా అని అడిగారు కదండీ. రెండూ కాదు. క్యాడిస్‌ఫ్లై అనే పురుగు పిల్ల కట్టుకున్న ఇల్లు అది, జీనస్ (అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) పేరు హెలికోసైకీ. వైజాగ్ నుంచి ఆదివారాలు పిల్లల్నేసుకుని అటు కొండల్లోకి వెళ్తుంటాం, రాళ్ళు తిప్పి చూడటం నాకు పిచ్చి, అందుకే ఇవి బాగా అలవాటు.

మొన్న మా మేనకోడలు అరచేతిలో కాసిని నీళ్ళు పట్టి అందులో ఒకటి పెట్టుకుని కదలకుండా కూచుంది, కాసేపటికి గుల్ల నోట్లోంచి ముందు తల, వెనకాలే ఆరు కాళ్ళు బయటికొచ్చాయి, "అత్తా, దీనికి కాళ్ళున్నాయే!" అని ఒకటే అరుపు. అదే అసలు గుర్తండీ, నత్తకి కాళ్ళుండవు. లెన్స్ పెట్టి చూడండి, పెసరగింజంత ఇంట్లో ఒక్కో ఇసుక రేణువు ఎంత ఒద్దికగా పేర్చి, తన నోటి దగ్గర ఊరే పట్టుతో అతికించిందో!

ఖాళీ గుల్ల దొరికితే వెనిగర్ చుక్క వెయ్యొచ్చు, నత్తగుల్ల సున్నం కాబట్టి బుడగలొస్తాయి, మామూలు ఇసుకైతే రావు. బొర్రా వైపు మాత్రం సున్నపురాయి ఉంది కాబట్టి ఆ ఇసుక కలిస్తే ఈ టెస్ట్ నమ్మకండి, కాళ్ళే చూడండి.

నత్త అనుకోవడం సహజమేనండీ. అమెరికాలో గుల్లల నిపుణుడు ఐజాక్ లీ అంతటివాడే 1834లో టెన్నెసీలో దొరికిన వీటికి కొత్త నత్త జాతి అని పేరు పెట్టేశాడు.

శిలాజాల సంగతి కూడా పూర్తిగా తీసిపారెయ్యలేం, ఎందుకంటే ఇదే జీనస్ పురుగులు, రెక్కలొచ్చినవి, చెట్ల బంకలో చిక్కుకుని, ఆ బంకే గట్టిపడి శిలాజంగా మారిన అంబర్‌లో దొరికాయి. బాల్టిక్ అంబర్ సుమారు 3.5 నుంచి 4.5 కోట్ల ఏళ్ళనాటిది, డొమినికన్ అంబర్ 1.5 నుంచి 2 కోట్ల ఏళ్ళది. అన్ని కోట్ల ఏళ్ళ నాటి జీనస్ ఇవాళ మన చేతిలో కాళ్ళాడిస్తోందంటే నాకైతే ఒళ్ళు పులకరిస్తుంది.

ఒక్క రిక్వెస్టండీ, బాటిల్లో వేసి ఇంటికి మాత్రం తేవద్దు, నిలవ నీళ్ళలో ఆక్సిజన్ చాలక చచ్చిపోతాయి. ఫోటో తీసుకుని రాయి ఎలా ఉందో అలాగే తిప్పి పెట్టెయ్యండి, గుల్ల రాయికి గట్టిగా అతుక్కుని నోరు మూసుకుపోయి ఉంటే లోపల ప్యూపా (పిల్ల రెక్కల పురుగుగా మారే దశ) ఉన్నట్టు, దాన్ని అసలు పీకొద్దు.