అయస్కాంతపు వెలుగు: ‘ఓడ్’ అనే లేని శక్తి

ప్రశ్న: ఒక పాత విజ్ఞాన సర్వస్వంలో అయస్కాంతాల నుంచి, స్ఫటికాల నుంచి, మనుషుల చేతివేళ్ల నుంచి వెలువడే ‘ఓడ్’ అనే ప్రకృతి శక్తి గురించి చదివాను. భౌతికశాస్త్ర గ్రంథాలలో అది కనిపించదు. అది నిజమేనా? కాకపోతే శాస్త్రవేత్తలు ఎలా నమ్మారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అటువంటి శక్తి ఏదీ లేదు. దానిని ప్రతిపాదించిన జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ రైఖెన్‌బాఖ్ మాత్రం సామాన్యుడు కాడు. కలప తారు నుంచి పారఫిన్‌ను, క్రియోసోట్‌ను వేరుచేసి పేరుపొందినవాడు. 1845లో ఆయన ప్రకటించిన పరిశోధనలకు ఆధారం తాను ‘సున్నిత గ్రాహకులు’గా భావించిన కొందరి మాటలే. వారిని వెలుతురు చొరబడని గదిలో చాలాసేపు కూర్చోబెట్టి, ఆపైన అయస్కాంతాన్ని ఎదుట ఉంచితే, ఉత్తర ధ్రువం మీద నీలి జ్వాల, దక్షిణ ధ్రువం మీద ఎరుపు కలిసిన పసుపు జ్వాల కనిపిస్తున్నాయని చెప్పేవారు. ఈ వెలుగుకు కారణమైన శక్తికి నార్స్ పురాణాల దేవుడైన ఓడిన్ పేరు మీదుగా ఆయన ‘ఓడ్’ అని పేరు పెట్టాడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. కటిక చీకటిలో చాలాసేపు ఉన్నవారి కళ్లకు, బయట ఏ వెలుగూ లేకపోయినా, మసక కాంతులు, రంగుల మరకలు తోచడం మామూలే. పైగా ఏదో కనిపించబోతోందని ముందే ఎదురుచూస్తున్నవారు ఆ మరకలను అయస్కాంతానికే అంటగడతారు. వారు అబద్ధమాడారని అనుమానించనక్కరలేదు. ఏమీ కనిపించనివారిని ‘సున్నితత్వం లేనివారు’ అని పక్కన పెట్టేస్తే ఇక ఆ సిద్ధాంతం ఏనాటికీ ఓడిపోదు కదా!

ఈ లోపాన్ని 1846లోనే పట్టుకున్నవాడు మాంచెస్టర్‌లో వైద్యం చేస్తున్న జేమ్స్ బ్రెయిడ్. ఏదో ప్రభావం కలుగుతుందని నమ్మించినప్పుడు అయస్కాంతం దగ్గర లేకపోయినా జనానికి ఆ అనుభూతులు కలుగుతున్నాయనీ, వారికి తెలియకుండా అయస్కాంతాన్ని దగ్గరకు తెచ్చినప్పుడు ఏమీ కలగడం లేదనీ ఆయన చూపించాడు. అయినా రైఖెన్‌బాఖ్ 1869లో మరణించేవరకు పట్టు వీడలేదు. ఎడిన్‌బరోలో రసాయన శాస్త్రం బోధించిన విలియం గ్రెగరీ వంటివారు ఆయనను సమర్థించారు కూడా.

ఇటువంటి వాదాన్ని పరీక్షించాలంటే విద్యుదయస్కాంతం ఒకటి చాలు. దాని స్విచ్ పక్క గదిలో ఉండాలి. ఎప్పుడు వేయాలో, ఎప్పుడు తీయాలో నాణెం ఎగరేసి తేల్చుకోవాలి. చీకటిలో కూర్చున్న వ్యక్తికీ, ఆయన మాటలు రాసుకునేవారికీ ఆ సంగతి తెలియకూడదు.