ఏథెన్స్‌లోని ఫ్రెంచ్ స్కూల్ అంటే ఏమిటి? అక్కడ ఏం చేస్తారు?

పేరులో స్కూల్ ఉన్నా అది పరిశోధనా సంస్థ. గ్రీకు చరిత్ర, కళ, శాసనాలు, పురావస్తువుల అధ్యయనం కోసం ఫ్రాన్స్ 1846లో స్థాపించింది. ఏథెన్స్‌లోని ఇలాంటి విదేశీ సంస్థల్లో ఇదే మొదటిది. జర్మన్, అమెరికన్, బ్రిటిష్ సంస్థలు ఆ తర్వాత వచ్చాయి.

దీని పనుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ప్రాచీన గ్రీకు పుణ్యక్షేత్రమైన డెల్ఫీలో చేసిన తవ్వకాలు. అక్కడి అపోలో దేవుడి ఆలయ శిథిలాల మీద కాస్త్రి అనే ఊరు ఉండేది. తవ్వకాల కోసం ఇళ్లన్నీ తీసేసి, ఊరినే కొంచెం దూరంగా మళ్లీ కట్టారు. సొంత ఇల్లు వదులుకోవడం ఎవరికైనా కష్టమే కదా, అక్కడివాళ్లూ గట్టిగానే ఎదురుతిరిగారు. 1892లో పెద్ద తవ్వకాలు మొదలయ్యాయి. 1896లో దొరికిన కంచు రథసారథి విగ్రహం ఇప్పటికీ డెల్ఫీ మ్యూజియంలోనే ఉంది. డెలోస్ ద్వీపంలోనైతే 1873 నుంచే తవ్వుతున్నారు.