ఎలుక పేగులో అన్నీ ఆడ పురుగులే అయితే జన్యు వైవిధ్యం ఎక్కడి నుంచి వస్తుంది?

స్ట్రాంగిలాయిడిస్ రాటీ అనే నులిపురుగు విషయంలో ఈ సందేహం సమంజసమే. గోధుమరంగు ఎలుక చిన్నపేగు గోడలో ఉండేవి సుమారు 2 మిల్లీమీటర్ల పొడవున్న ఆడ పురుగులే. మగ తోడు లేకుండానే అవి గుడ్లు పెడతాయి. పెంటికలతో బయటపడిన ఆడ లార్వాలు కొన్ని నేరుగా మరో ఎలుక చర్మాన్ని తొలుచుకుని లోపలికి దూరే దశకు చేరుకుంటే, మరికొన్ని బయటే పెరిగి పెద్దవై, ఒకే ఒక్క ఎక్స్ క్రోమోజోముతో పుట్టిన మగ పురుగులతో జతకడతాయి. జన్యువులు కలగలిసేది ఈ బయటి తరంలోనే. అయితే బ్రిటన్‌లో స్వేచ్ఛగా తిరిగే ఎలుకల్లో ఈ కలయిక చాలా అరుదు. అందుకే అక్కడ తరతరాలుగా దాదాపు నకళ్లుగానే సాగే వంశాలు విడివిడిగా నిలిచి ఉన్నాయి. విచిత్రమేమిటంటే, ఒకే ఎలుకలో వేర్వేరు వంశాల పురుగులు పక్కపక్కనే కాపురముంటాయి. వాటి మధ్య కనిపించే తేడాల్లో అధికభాగం, ఏ వంశానికి ఆ వంశంలో ఉత్పరివర్తనాలు (జన్యువుల్లో వచ్చే మార్పులు) పోగుపడగా ఏర్పడినదే.