బియర్డెడ్ డ్రాగన్ కాళ్ళు వణుకుతున్నాయి.. విటమిన్ డి పొడి పెట్టొచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ. హైదరాబాద్‌లో కొన్న బియర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లిని పెంచుతున్నాను. ఏడు నెలల వయసు, 200 గ్రాముల బరువు. రోజూ మీల్‌వార్మ్స్ (మేతగా వేసే ఒక రకం పురుగులు), అప్పుడప్పుడు కీచురాళ్ళు పెడతాను. వారం నుంచి దాని ముందు కాళ్ళ వేళ్ళు వణుకుతున్నాయి, వెనక కాలు వంకర పోయినట్టుంది, పురుగును పట్టుకున్నా నమలలేకపోతోంది. మా దగ్గర నీళ్ళల్లో ఉండే ఫ్లోరైడ్ వల్ల ఇలా అయిందా? అమ్మ వాడే 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి చిటికెడు కలిపి పెట్టొచ్చా? గాజు తొట్టి కిటికీ పక్కనే ఉంటుంది, ఎండ బాగానే పడుతుంది.

డాక్టర్ సలహా: ముందు ఆ పొడి ప్యాకెట్ తీసి పక్కన పెట్టేయండి. ఒక గ్రాము పొడిలో 60,000 యూనిట్లు ఉంటాయి, మీరు వేసే చిటికెడు గ్రాములో పదోవంతే అనుకున్నా 6,000 యూనిట్లు అవుతాయి. మీ డ్రాగన్ బరువు 200 గ్రాములు. బరువు లెక్కన చూస్తే 60 కిలోల మనిషి ముప్పై ప్యాకెట్లు ఒకేసారి మింగినట్టు! విటమిన్ డి ఎక్కువైతే మూత్రంతో పోదు, ఒంట్లోనే నిలిచిపోయి కిడ్నీల్లో, రక్తనాళాల్లో కాల్షియం పేరుకునేలా చేస్తుంది. అలా పేరుకున్నాక తీయడం ఎవరి వల్లా కాదు.

ఫ్లోరైడ్ గురించి అడిగారు. నల్గొండలో కాళ్ళు వంకర పోయాయంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అదే, మీ అనుమానంలో తప్పు లేదు. కానీ మీ డ్రాగన్ తాగే నీళ్ళు చాలా తక్కువ, పైగా మీరు చెప్పిన లక్షణాలన్నీ మరో జబ్బును చూపిస్తున్నాయి. వేళ్ళ వణుకు, వంగిన కాలు, దవడలో బలం లేకపోవడం.. పురుగులు తినే పెంపుడు బల్లి జాతుల్లో కాల్షియం లోటుతో వచ్చే ఎముకల జబ్బు సరిగ్గా ఇలాగే ఉంటుంది. మీల్‌వార్మ్‌లోనైనా కీచురాయిలోనైనా కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ దానికి చాలా రెట్లు ఎక్కువ. డ్రాగన్‌కు కావాల్సింది దీనికి తలకిందులు, అంటే ఫాస్ఫరస్ ఒక వంతుంటే కాల్షియం సుమారు రెండు వంతులు ఉండాలి. తిండిలో దొరకనప్పుడు శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం లాగి రక్తంలోకి పంపుతుంది. ఎదిగే వయసు కాబట్టి ఎముక తొందరగా మెత్తబడి వంగిపోతుంది.

ఇక ఎండ. కిటికీ అద్దం, తొట్టి గాజు రెండూ కలిసి ఎండలోని యూవీబీ అనే కంటికి కనిపించని కిరణాలను ఆపేస్తాయి. వేడి, వెలుతురు వస్తాయి కాబట్టి ఎండ పడుతోందనే అనుకుంటాం, కానీ చర్మంలో విటమిన్ డి3 తయారు కావాలంటే ఆ యూవీబీనే కావాలి. అది లేకపోతే మీరు ఎంత కాల్షియం పెట్టినా పేగులు సరిగ్గా పీల్చుకోవు. మామూలు పసుపు బల్బు వేడికి తప్ప దీనికి పనికిరాదు, సరీసృపాల కోసమే చేసిన యూవీబీ ట్యూబ్ కొనండి. అది వెలుగుతున్నా లోపల యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది, అందుకే కంపెనీ చెప్పిన గడువుకు, సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది లోపు, మార్చేయాలి. జబ్బు తగ్గాక పొద్దున పూట కాసేపు జాలీ పంజరంలో బయట పెట్టడం ఇంకా మంచిది. సగం పంజరానికి నీడ ఉండాలి, పక్కన మీరు ఉండాలి. గాజు తొట్టిని మాత్రం ఎండలో పెట్టకండి, మన ఎండలకు నిమిషాల్లో ఉడికిపోతుంది.

పొడి విషయానికొస్తే, ఫాస్ఫరస్ కలవని కాల్షియం కార్బోనేట్ పొడి కావాలి. చిన్న డబ్బాలో పురుగులు, చిటికెడు పొడి వేసి ఊపి, వెంటనే తినిపించండి. ఆలస్యమైతే కీచురాళ్ళు ఒళ్ళు దులుపుకొని పొడి అంతా రాల్చేస్తాయి. ఎదిగే వయసులో రోజుకు ఒక పూట కాల్షియం, వారంలో ఒకటి రెండు సార్లు విటమిన్ ఎ ఉన్న సరీసృపాల మల్టీవిటమిన్ సరిపోతుంది. ట్యూబ్ సరైనది పెట్టాక డి3 కలిపిన కాల్షియం రోజూ అక్కర్లేదు. విటమిన్ ఎ తక్కువైతే కళ్ళు వాస్తాయి, కుబుసం సరిగ్గా వదలదు, ఎక్కువైనా ప్రమాదమే, అందుకని డబ్బా మీద రాసిన మోతాదు దాటకండి.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది, పురుగు తినే తిండి. ఖాళీ కడుపుతో ఉన్న పురుగులో పొట్టు తప్ప ఏముంటుంది? తినిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి వాటికి మునగాకు, క్యారెట్ వేయండి. మునగాకులో కాల్షియం బాగా ఉంటుంది, మన పెరట్లోనే దొరుకుతుంది. పాలకూర వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. మునగాకు సన్నగా తరిగి డ్రాగన్‌కు కూడా పెట్టొచ్చు, అది పురుగులతో పాటు ఆకులూ తినే జీవి. పత్తి చేలల్లో పట్టిన మిడతలు మాత్రం వద్దు, వాటి మీద ఏ మందు కొట్టారో తెలియదు. మిణుగురులను అసలు దగ్గరికి రానివ్వకండి, ఒక్కటి తిన్నా డ్రాగన్ చనిపోవచ్చు.

అయితే ఇవన్నీ ఇకపై చేయాల్సినవి. ఇప్పుడున్న వణుకు వీటితో తగ్గదు. ఈనిన గేదెకు పాలజ్వరం వస్తే డాక్టర్ కాల్షియం ఎక్కించడం చూసే ఉంటారు, ఇదీ అంత అత్యవసరమే. అలాగని గేదెలకు తాగించే కాల్షియం సీసా మూత తీయకండి, వాటిలో చాలావాటికి ఫాస్ఫరస్ కూడా కలుపుతారు. ఎక్స్‌రే తీసి, బరువు చూసి మందు మోతాదు కట్టాలి. సరీసృపాలను చూసే డాక్టర్ దగ్గర్లో లేకపోతే రాజేంద్రనగర్ వెటర్నరీ కళాశాల ఆసుపత్రిలో అడగండి. ఆదివారం దాకా ఆగొద్దు, రేపే బయల్దేరండి. ఎముకలు మెత్తగా ఉన్నాయి కాబట్టి చేత్తో గట్టిగా పట్టుకోవద్దు, ఎక్కడానికి ఏమీ లేని అట్టపెట్టెలో మెత్తటి తువ్వాలు పరిచి, గాలికి రంధ్రాలు పెట్టి తీసుకెళ్ళండి. తొట్టి ఫొటో, ఇప్పుడు వాడుతున్న బల్బు అట్టపెట్టె కూడా వెంట ఉంచుకోండి, అక్కడ డాక్టర్ ముందు అడిగేవి అవే.